శతదినోత్సవం షీల్డు మీద బొబ్బిలి కోట

గురువారం ఉదయం పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారుకు జనం దేనికోసం వెళ్తారు? పాత సుత్తి కోసం, మంచం కోళ్ల కోసం, తిరుగుతుందో తిరగదో దేవుడికే తెలియాల్సిన టేబుల్ ఫ్యాను కోసం. నేను మాత్రం సైన్యం కోసం వెళ్తాను!

నవ్వకండి. గుర్రాలు, ఏనుగులు, ఫిరంగులు, కోట బురుజులు అన్నీ అక్కడే కొంటాను. పది రూపాయలకో గుర్రం, యాభైకో ఏనుగు. కాస్త ఓపిగ్గా బేరమాడితే ఇత్తడి ఫిరంగి కూడా చేతికొస్తుంది. ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో టీవీ పక్కన, షోకేసు అద్దం వెనక దర్జాగా నిలబడ్డ బొమ్మలే అవన్నీ. ఇల్లు మారినప్పుడో, కోడలొచ్చినప్పుడో, ముసలివాళ్లు పోయినప్పుడో సంచుల్లో కట్టి కాటాకు వేసేస్తారు. అవి అక్కడ గోనెపట్టా మీదికి చేరతాయి. అక్కడినించి నా రూముకి.

రూములో వాటిని కోస్తాను, అతుకుతాను, రంగులేస్తాను. ఆదివారం మధ్యాహ్నం ఆరడుగుల బల్ల మీద పరిచి, ఒక బ్యాంకు గుమాస్తా మిత్రుడితో యుద్ధం చేస్తాను. ముప్పై అయిదేళ్ల వయసు, బి.ఏ. పాసైన మనిషి, నాలుగు సినిమా పత్రికలకు రాసుకు బతికే ఫ్రీలాన్సు జర్నలిస్టు చేసే పనేనా ఇది అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. జవాబు నా దగ్గర లేదు. కానీ పోయిన ఏడాది అదే బజారులో నూటయాభై రూపాయలకు కొన్న ఒక వస్తువు నన్ను ఇంకో ప్రశ్న అడిగింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. ముందు ఈ పిచ్చి ఎలా మొదలైందో చెప్పనివ్వండి.

బొమ్మల కొలువులో తొలి యుద్ధం

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవారు. అమ్మ పది రోజుల ముందే మట్టి పళ్లెంలో రాగులు, ఆవాలు చల్లేది. పండగ నాటికి అది పచ్చటి పొలం. పాత అద్దం ముక్క చుట్టూ ఇసుక పోస్తే చెరువు. ఖాళీ అగ్గిపెట్టెలు ఇళ్లు. పేరంటాళ్లు వచ్చి, "అబ్బ, ఎంత ముచ్చటగా ఉందమ్మా!" అని పసుపు కుంకుమలు పుచ్చుకుని వెళ్లేవారు.

నాకు తొమ్మిదో ఏట ఆ పొలంలో ఏదో లోటుగా కనిపించింది. అంతకు ముందే టీవీలో "బొబ్బిలి యుద్ధం" చూశాను. 1964 నాటి సినిమా. రంగారావుగా ఎన్.టి.ఆర్., మల్లమ్మగా భానుమతి, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి.రంగారావు. ఆ కోట, ఆ కత్తులు, ఆ కేకలు వారం రోజులు నిద్రపోనివ్వలేదు. పేరంటం టైముకి నేను కొలువులోని కొండపల్లి ఏనుగుని, పెళ్లి పల్లకీని, ప్లాస్టిక్ సిపాయిల్ని వరుసలో నిలబెట్టి, దశావతారాల మీద దండయాత్ర చేయించాను. పరశురాముడి గొడ్డలి విరిగింది. నా వీపు మోగింది.

ఇప్పుడు తలుచుకుంటే ఒకటి అర్థమవుతోంది. బల్ల మీద యుద్ధం ఆడేవాళ్లు లోకమంతా చేసేది మా అమ్మ చేసిన పనే. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగేసి గడ్డి అంటారు, నీలం రంగు మీద వార్నిష్ పోసి ఏరు అంటారు. కొలువులో పేరంటం జరుగుతుంది, ఇక్కడ ఫిరంగి పేలుతుంది. అంతే తేడా.

డ్రాక్యులాని చంపినాయన కూడా!

ఇది పిల్లలాట కాదా అనేవాళ్లకి నేను చెప్పే మొదటి పేరు పీటర్ కుషింగ్. 1958లో వచ్చిన "డ్రాక్యులా"లో వాన్ హెల్సింగ్ వేషం వేసిన బ్రిటిష్ నటుడు. 1977లో "స్టార్ వార్స్"లో బుగ్గలు పీక్కుపోయిన ఆ కఠినమైన సేనాధిపతి కూడా ఆయనే. తెర మీద అంత భయపెట్టిన మనిషి ఇంట్లో నేల మీద కూర్చుని సీసపు సిపాయిలకు రంగులేసుకుంటూ, వాటితో యుద్ధాలు ఆడుకునేవాడు. 1956లో పాథే వాళ్లు తీసిన న్యూస్‌రీల్ ఉంది. అందులో ఆయన ముఖం చూడండి, తొమ్మిదేళ్ల కుర్రాడే!

ఆయన ఆడింది హెచ్.జి.వెల్స్ నియమాలతో. "టైమ్ మెషీన్" రాసిన వెల్సే. ఆయన 1913లో "లిటిల్ వార్స్" అని ఒక చిన్న పుస్తకం వేశాడు. స్ప్రింగుతో చెక్కముక్కల్ని పేల్చే బొమ్మ ఫిరంగి, నేల మీద కొయ్యదిమ్మెల ఇళ్లు, సీసపు సిపాయిలు – ఎంత దూరం నడవాలి, ఎప్పుడు చావాలి, అన్నిటికీ లెక్కలు. చిత్రమేమిటంటే ఆ పుస్తకం చివర వెల్స్ చెప్పేది శాంతి గురించి. అసలు యుద్ధం ఎంత తెలివితక్కువదో బొమ్మల యుద్ధం నాలుగుసార్లు ఆడితే తెలిసిపోతుందని ఆయన వాదన. పెద్దలు వినలేదు. మరుసటి ఏడే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది.

ఇక పాత వస్తువుల్ని కోసి కొత్త రూపం ఇవ్వడమంటారా? అది సినిమావాళ్ల సొత్తే. "స్టార్ వార్స్"లో ఆ పెద్ద పెద్ద అంతరిక్ష నౌకలు చూశారుగా, వాటి ఒంటి మీద లెక్కలేనన్ని గొట్టాలు, పలకలు, మరలు ఉంటాయి. అవన్నీ బజార్లో దొరికే ట్యాంకుల, ఓడల, విమానాల బొమ్మల కిట్లలోంచి పీకి అంటించినవే. 1987లో ఇంగ్లండులో "రోగ్ ట్రేడర్" అనే ఆట వచ్చినప్పుడు, దాన్ని నడిపినవాళ్లే చంకల్లో రాసుకునే డియోడరెంట్ డబ్బాతో యుద్ధ ట్యాంకు చెయ్యడం ఎలాగో పాఠకులకి నేర్పారు. మన దగ్గర మాత్రం తక్కువా? 1957 "మాయాబజార్"లో ద్వారక నగరం చూసి మన తాతలు నోళ్లు తెరిచారు. అది సుమారు 300 అట్ట ఇళ్లతో, లోపల కరెంటు దీపాలతో కట్టిన మినియేచర్. మార్కస్ బార్ట్లే కెమెరా దాన్ని మహానగరం చేసింది.

ఏనుగు ఎంత ఎత్తుండాలి?

చెయ్యాలని సరదా పడే కుర్రకారు కోసం నాలుగు ముక్కలు. అనుభవం మీద చెప్తున్నా, నా వేళ్ల మీద మచ్చలే సాక్ష్యం.

మొదటిది కొలత. నేను వాడే సిపాయి పాదం నించి కంటి దాకా 28 మిల్లీమీటర్లు. ఈ మనిషి పక్కన నిలబడితే నమ్మేట్టుండాలి, అదే సూత్రం. నిజం ఏనుగు భుజం దగ్గర తొమ్మిది, పదడుగులు. అంటే బొమ్మ ఏనుగు 5 సెంటీమీటర్లు దాటకూడదు. షోకేసు ఏనుగులు చాలావరకు దీనికి రెండింతలుంటాయి. గుమ్మం 4 సెంటీమీటర్లుంటే చాలు. ఫిరంగి చక్రం రెండు, రెండున్నర. అందుకే బజారుకి నేనెప్పుడూ జేబులో ఒక సిపాయిని వేసుకు వెళ్తాను. ప్రతి బొమ్మ పక్కనా వాణ్ణి నిలబెట్టి చూస్తాను. అమ్మేవాళ్లు నన్ను చూసి ఏమనుకుంటారో నాకు తెలుసు. నాకు బేరం తగ్గేది కూడా అందుకే!

రెండోది, వస్తువు దేంతో చేశారో చూసుకోవాలి. ఇత్తడి నున్నగా ఉంటుంది, జిగురు పట్టదు. గరుకు కాగితంతో బాగా గీకి, ఎం-సీల్ ముద్ద పెట్టాలి. రెజిన్ బొమ్మని పొడిగా రుద్దకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. తడిపి రుద్దాలి, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. చేపల తొట్టిలో పెట్టే కోటలు దొరికితే వదలకండి, బురుజుల మీద పాచి మరకలు కూడా పనికొస్తాయి. ప్లాస్టిక్ తాజ్‌మహల్ దొరికితే దాని నాలుగు మినార్లూ నాలుగు కావలి గోపురాలు.

కొండపల్లి బొమ్మ సంగతి వేరు. అది తెల్లపొణికి కర్ర, దూదిలా తేలిక. కాళ్లూ తొండం విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఈ సంగతి తెలియక ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న ఒక పాత అంబారీ ఏనుగుని సబ్బునీళ్లలో నానబెట్టి, నేను కాఫీ తాగొచ్చాను. వచ్చేసరికి బక్కెట్లో తొండం ఒకచోట, మావటి ఒకచోట ఈదుతున్నారు. రంగంతా నీళ్లలోనే. యుద్ధం మొదలవకుండానే గజబలం హరీ!

మూడోది రంగు. ముందు నల్లటి పూత. మీద అసలు రంగు. దాని మీద నీళ్లలా పల్చగా కలిపిన మట్టిరంగు పోస్తే సందుల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. ఆరాక, బ్రష్షుకి లేతరంగు అంటించి, గుడ్డకి తుడిచేసి, మిగిలిన ఆ కాస్తతో అంచుల మీద తేలిగ్గా రాయాలి. వెలుతురు పడినట్టుంటుంది. మేకప్‌మాన్‌లు చేసేది కూడా ఇదేనని ఒక మేకప్‌మాన్ గారే నాతో అన్నారు.

నూటయాభై రూపాయల షీల్డు

ఇక అసలు కథకి వస్తాను.

చాలా రోజులుగా నా కోరిక బొబ్బిలి కోట. సైన్యాలు సిద్ధం. ఫ్రెంచి బుస్సీ గారి సిపాయిలు అరవైమంది, విజయనగరం వాళ్లు నలభై, బొబ్బిలి వాళ్లు నలభై. ఫిరంగులు నాలుగు, ఇత్తడి పేపర్‌వెయిట్లు. కోట మాత్రం కుదరలేదు. పోయిన ఏడాది శీతాకాలంలో జుమ్మేరాత్ బజారులో ఒక కుర్రాడి పట్టా మీద అది కనిపించింది. అడుగున్నర పొడుగు చెక్క పలక. దాని మీద కోటద్వారం, రెండు పక్కలా రెండు బురుజులు, చిన్న గోడ. అంతా బంగారు రంగు, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. జేబులోంచి సిపాయిని తీసి గుమ్మంలో నిలబెట్టాను. కొలిచి చేసినట్టు సరిపోయాడు!

"పాత సిన్మా మాల్ అన్నా. రెండు నూర్లు ఇయ్యి," అన్నాడు కుర్రాడు.

నూటయాభైకి తెగింది.

శతదినోత్సవం షీల్డని అప్పుడే పోల్చుకున్నాను. ఒకప్పుడు సినిమా వందరోజులాడితే హీరో నించి లైట్‌బాయ్ దాకా షీల్డులిచ్చేవారు కదా. అలాంటిదే. కిందనున్న రేకు మీద పేరుంది గానీ చిలుం పట్టి నల్లగా ఉంది. చదవలేదు. చదవాలనీ అనిపించలేదు. నా కళ్లన్నీ బురుజుల మీదే.

ఆ రాత్రే హెక్సా బ్లేడు తీసి ఎడమ బురుజు కోసేశాను. లోపల ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అందులో సన్నటి కొబ్బరి పీచు. అంచు పెళుసుగా పెచ్చులూడింది. చెయ్యి ఆపి, పోనీ అని రేకుకి చింతపండు రాసి తోమాను. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. సినిమా పేరు. "శతదినోత్సవ జ్ఞాపిక". ఒక మనిషి పేరు. దాని కింద "మౌల్డింగ్".

ఆ మనిషి నాకు తెలుసు!

మూడేళ్ల క్రితం కృష్ణానగర్‌లో ఆయన ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాను. మద్రాసు స్టూడియోల్లో అరవైల చివర్లో పనిలో చేరి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చిన సెట్ మేస్త్రీ. స్తంభాలు, సింహాసనాలు, దేవతా విగ్రహాలు, రాజద్వారాలు – ప్లాస్టరు పోసి నిలబెట్టినాయన. వ్యాసం రాస్తానని చెప్పి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఆ వారంలోనే ఒక హీరోగారి పెళ్లి వచ్చింది. నాలుగు పత్రికలూ పెళ్లి కావాలన్నాయి. మేస్త్రీగారి వ్యాసం "తర్వాత రాద్దాం" అనే సొరుగులోకి వెళ్లింది. ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. "వచ్చే నెలలో వేస్తారండీ," అన్నాను. అప్పటికి నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు.

అర్ధరాత్రి ఫోన్లో వెతికితే ఆ రికార్డింగు ఇంకా ఉంది. విన్నాను. గంటా పన్నెండు నిమిషాల దగ్గర ఆయన గొంతు: "అదుగో బాబూ, ఆ గోడ మీద షీల్డు చూడండి. అందులో కోట నేనే పోశాను. మా సెట్టుకి నమూనా. ప్రొడ్యూసరు గారు అడిగితే యూనిట్ అందరికీ నా చేత్తోనే పోసిచ్చాను." దాని వెనకే నా గొంతు: "ఊఁ... ఊఁ... బాగుందండీ."

నేను చూడలేదు. ఆ సమయంలో ఫోన్లో మెసేజి ఏదో చూసుకుంటూ ఉండి ఉంటాను. చూసుంటే బజార్లో గుర్తుపట్టేవాణ్ణి కదా!

బల్ల మీద కోసిన బురుజు. ఎదురుగా నా గొంతు. సిగ్గుతో ఆ రాత్రి అన్నం సయించలేదు.

"తడిపి కొయ్యాలి బాబూ"

పాత ఇంట్లో వాళ్లు లేరు. అడుక్కుంటూ వెళ్తే యూసుఫ్‌గూడ వైపు ఒక మేడ మీద చిన్న పోర్షనులో కనిపించారు. ఒక గది, వంటిల్లు. నా చేతిలో సంచిలోంచి షీల్డు అంచు చూడగానే కోడలు ముఖం పాలిపోయింది. ఇల్లు మారేటప్పుడు ఆవిడే అమ్మేసింది, పాపం. నాతో పాటు సంజాయిషీ చెప్పుకోవలసినవాళ్లు ఆ గదిలో ఇంకొకరున్నారన్నమాట.

మేస్త్రీగారికి ఎనభై దగ్గర. చేతులు వణుకుతున్నాయి. నేను దణ్ణం పెట్టి మొత్తం చెప్పేశాను. కొన్నది, కోసింది, వ్యాసం రాయనిది, అబద్ధం చెప్పింది. ఆయన షీల్డు ఒళ్లో పెట్టుకుని, కోసిన చోట బొటనవేలితో తడిమారు. చాలాసేపు మాట్లాడలేదు. తిడతారేమోనని ఎదురుచూశాను. తిడితే బావుండునని కూడా అనిపించింది.

"పొడిగా కోశావు," అన్నారు చివరికి. "ప్లాస్టరుని పొడిగా కోస్తే పెచ్చులూడుతుంది బాబూ. తడిపి కొయ్యాలి. పళ్లు సన్నంగా ఉన్న బ్లేడు పట్టాలి."

"మేస్త్రీగారూ, అతికించి తెచ్చిస్తానండీ. మళ్లీ గోడకి తగిలిద్దాం."

"ఏ గోడకి?" అన్నారు ఆయన, చుట్టూ చూస్తూ. ఒక గోడకి బీరువా, ఒక గోడకి మంచం, ఒక గోడకి కిటికీ, మిగిలిన దానికి దేవుడు.

తరవాత ఆయన చెప్పింది నా రికార్డింగులో లేదు, కానీ నాకు బాగా గుర్తు. సెట్ మనిషికి తను కట్టింది నిలవాలనే ఆశ ఉండకూడదట. మూడు వారాలు రాత్రింబవళ్లు పోసిన రాజమహలుని షూటింగు అయిన మర్నాడే గునపాలతో పడగొట్టేవారు. పనికొచ్చే స్తంభాలు దాచి, రంగు మార్చి, ఇంకో సినిమాలో ఇంకో రాజుకి నిలబెట్టేవారు. "ఒక సినిమాలో శివాలయం గుమ్మం, పై సినిమాలో విలన్ డెన్. ఎవడికి తెలుసు?" అని నవ్వారు. "నువ్వు చేసేదీ అదే కదా. కట్టెయ్యి."

మూడు షరతులు పెట్టారు. ఆయన పేరు గానీ, సినిమా పేరు గానీ రాయకూడదు. రాస్తే అమ్మేసిన సంగతి నలుగురికీ తెలిసి కొడుకూ కోడలూ నొచ్చుకుంటారు. రేకు మాత్రం కోట ముందే ఉండాలి. మూడోది: "పని నా కళ్ల ముందు జరగాలి."

కోటలో పొయ్యి ఏదీ?

అలా ఆరు ఆదివారాలు ఆ మేడ మీద పని జరిగింది. ఆయన మంచం మీద, నేను కింద. నా సామానంతా చూసి ఆయన మొదట అన్న మాట, "బొబ్బిలిది మట్టికోట కదా, దీనికి రాయి గీతలెందుకు?" సినిమాల్లో కోటలన్నీ చూసి చూసి నాకు ఆ సంగతే మరుపు. గీతలన్నీ ప్లాస్టరుతో పూడ్చేశాం. జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో ఫెవికాల్ కలిపి పూశాం. వాన కారిన చారికలు ఎలా వెయ్యాలో, దూరంగా ఉన్న గోడకి రంగు ఎందుకు కాస్త పాలిపోవాలో, మూల బురుజు పిసరంత తగ్గిస్తే కోట ఎందుకు పెద్దదిగా కనిపిస్తుందో, అన్నీ చెప్పారు. నా పదేళ్ల అనుభవం ఆయన ఒక పూట సలహాకి సరిపోలేదు సుమండీ!

నాలుగో ఆదివారం కోట లోపలికి తొంగి చూసి, "ఇందులో పొయ్యి ఏదీ?" అని అడిగారు.

"పొయ్యి ఎందుకండీ? ఇది యుద్ధానికి."

"మనుషులుండే చోటు కాదూ? సెట్టులో కెమెరాకి కనపడకపోయినా పొయ్యి పెట్టేవాళ్లం. పక్కన నాలుగు కట్టెలు. అప్పుడే నటుడికి అది ఇల్లనిపిస్తుంది."

పెట్టాను. తరవాత బావి పెట్టమన్నారు. తులసికోట. ఆరేసిన చీర. రుబ్బురోలు. కోడలుగారు కూడా వచ్చి కూర్చుని, వత్తుల పత్తితో పొయ్యిలోంచి పొగ తీశారు. పెళ్లి కేకు మీద పెట్టే బొమ్మలు, రైలు సెట్టులో ప్రయాణీకుల బొమ్మలు కోసి ఆడవాళ్లనీ పిల్లల్నీ ఇరవైమందిని చేశాను.

చేసేశాక నాకు బల్ల మీద ఫిరంగి పెట్టబుద్ధి కాలేదు.

ఎందుకో చరిత్ర తెలిసినవాళ్లకి చెప్పనక్కరలేదు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులూ, పూసపాటి విజయరామరాజు సైన్యం ఆ కోటని చుట్టుముట్టాయి. కోట నిలవదని తెలిశాక లోపలి ఆడవాళ్లనీ పిల్లల్నీ శత్రువు చేతికి చిక్కకుండా సొంతవాళ్లే చంపుకున్నారు. రంగారావు గారి చిన్న కొడుకు బతికి బయటపడ్డాడు. కోట గెలిచిన విజయరామరాజు నాలుగు రోజులైనా గెలుపు అనుభవించలేదు. రాత్రివేళ డేరాలో దూరిన పాపారాయుడు ఆయన్ని పొడిచి చంపాడు. సినిమాలో మనం చప్పట్లు కొట్టేది ఆ కత్తిపోటుకే. 1986లో కృష్ణంరాజు "తాండ్ర పాపారాయుడు"గా వచ్చినప్పుడు కూడా అంతే. పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ల గురించి నేను అంతవరకూ ఆలోచించలేదు. పదేళ్లుగా బొబ్బిలి ఆడాలని కలలు కంటున్నవాణ్ణి, నా సైన్యంలో ఒక్క ఆడమనిషి బొమ్మ కూడా లేదు!

ఈ జనవరి 24

బ్యాంకు మిత్రుడూ నేనూ నియమాలు మార్చాం. మామూలుగా కాల్బలం ఒక వంతుకి ఆరంగుళాలు నడుస్తుంది, గుర్రం పన్నెండు. పాచిక వేసి నాలుగూ ఆపైన పడితే దెబ్బ తగిలినట్టు. కోట పడిపోతే ఆట అయిపోయినట్టు. ఇప్పుడు అలా కాదు. కోట ఎలాగూ పడుతుంది. ఎంతమందిని వెనక ద్వారం గుండా అడవిలోకి దాటించామన్నదే బొబ్బిలి పక్షానికి లెక్క. ముందు గోడ మీద నిలబడేవాళ్లు వీళ్లకి వ్యవధి ఇవ్వడానికి నిలబడతారు. చరిత్రలో తెరుచుకోని దారి బల్ల మీదైనా తెరుచుకోవచ్చు కదా!

ఈ జనవరి 24న మేస్త్రీగారిని ఆటోలో తీసుకొచ్చాను. అబ్బాయి కూడా వచ్చాడు. షూటింగులకు జనరేటరు వ్యాను నడుపుతాడు. కోట ముందు నాన్న పేరున్న రేకు చూసి తల తిప్పేసుకున్నాడు. తరవాత తనే వచ్చి, ఆ రేకుని చొక్కా అంచుతో ఒకసారి తుడిచాడు.

మూడు గంటలు ఆడాం. నేను బొబ్బిలి. మిత్రుడు బుస్సీ. ఎడమ బురుజు, అదే నేను పొడిగా కోసింది, మొదట అదే కూలింది. ఇరవైమందిలో తొమ్మిదిమందిని దాటించగలిగాను. పదో బొమ్మ, చంకలో పిల్లతో ఉన్న ఆడమనిషి, ద్వారానికి రెండంగుళాల దూరంలో ఆగిపోయింది. పాచికలు ఒకటీ రెండూ పడ్డాయి. ఆట అయిపోయింది, మామూలుగా అయితే బొమ్మల్ని డబ్బాలో వేసేస్తాం. ఎవరమూ చెయ్యి చాపలేదు. మేస్త్రీగారే వణికే వేళ్లతో ఆ బొమ్మని ఎత్తి, అడవి చెట్ల వెనక పెట్టారు.

"రూలు ఒప్పుకోదండీ," అన్నాడు బ్యాంకు మిత్రుడు, అలవాటు కొద్దీ.

"మా సెట్టు మీద మా ఇష్టమండీ," అన్నారాయన.

కోట ఇప్పుడు నా రూములో బల్ల మీద ఉంది. నెలకోసారి మేస్త్రీగారి దగ్గరికి వెళ్తున్నాను. రికార్డింగులో మిగిలినదంతా కాగితం మీద పెడుతున్నాను. పేరు వద్దన్నారు గనక పేరు లేకుండానే. ఆయనతో మూడేళ్ల క్రితం చెప్పిన "వచ్చే నెల" ఇవాళ్టికి వచ్చింది.

పాఠకులారా, ఒక్క మాట. మీ ఇంట్లో షోకేసు ఖాళీ చేస్తున్నారా? చెయ్యండి, తప్పేం లేదు. నాలాంటివాళ్లు గురువారం బజార్లో జేబులో సిపాయితో ఎదురుచూస్తూనే ఉంటారు. కోసుకుంటారా? హాయిగా కోసుకోండి, ప్లాస్టరైతే తడిపి కొయ్యండి. కానీ బ్లేడు పెట్టే ముందు దాన్ని ఒకసారి తిరగేసి, దుమ్ము తుడిచి, ఎవరి పేరైనా ఉందేమో చదవండి.